ఉర్దూ రాని ఇంటి నుంచి అరబీ చదువుకి

పల్నాడు జిల్లా నుంచి, పేరూ ఊరూ వేయొద్దంటూ ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 22. నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో తెలుగే, ఉర్దూ ఎవరికీ రాదు. నాన్నగారిది పరుపుల కొట్టు. ఇంటర్ సీఈసీ నాలుగేళ్ల కిందట, బీకాం నిరుడు పూర్తయ్యాయి. ఇప్పుడు ఒక ఆడిటర్ దగ్గర నెలకు 14,000 జీతం. చిన్నప్పుడు మసీదులో ఖురాన్ చదవడం నేర్చుకున్నారు కానీ అర్థం తెలియదు. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో అరబీ పాఠాలు వింటున్నారు, నోట్సంతా తెలుగు లిపిలో రాసుకుంటున్నారు. విదేశంలో అరబీ, ఇస్లామీ శాస్త్రాలు చదివి వచ్చి తెలుగులో చెప్పాలన్నది కోరిక. దగ్గర్లోని మదరసాలో అడిగితే ముందు ఉర్దూ నేర్చుకుని రమ్మన్నారు. ఒక ఏజెంటు 2,40,000 ఇస్తే కైరోలోని అల్ అజ్‌హర్ విశ్వవిద్యాలయంలో సీటు, వీసా, హాస్టల్ అన్నీ తానే చూస్తానంటున్నాడు. డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా రెండో ఏడాదిలో చేర్పిస్తాడట. ముందు విజిట్ వీసా మీద వెళ్లాలట. నాన్నగారు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు, కానీ “అయిదేళ్లు పోయి వచ్చాక ఏం తింటావు?” అని కూడా అడుగుతున్నారు. అక్క పెళ్లి ఇంకా కాలేదు. స్నేహితుడొకడు మదీనా ఇస్లామీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకోమంటున్నాడు, మరొకడు యెమెన్ అంటున్నాడు. చివర్లో ఒక చిన్న వాక్యం: “అక్కడ చలి ఉంటుందా? అమ్మ అప్పుడే బొంత కుట్టడం మొదలుపెట్టింది.”

మీ ఉత్తరంలో ఒక్క కోరిక ఉన్నట్టు కనిపిస్తుంది గానీ విడదీస్తే మూడున్నాయి. ఖురాన్ చదువుతుంటే అర్థం కావాలి, అది భాష. తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం), హదీసు (ప్రవక్త మాటలు, చేతలు), ఫిఖహ్ (ధర్మశాస్త్రం) పద్ధతిగా చదివి నలుగురికీ చెప్పగలగాలి, అది ఆలిమ్, అంటే మతపండితుడి చదువు. తిరిగి వచ్చాక కొలువు దొరకాలి, అది పట్టా. ఈ మూడూ ఒకే చోట, ఒకే డబ్బుకి దొరుకుతాయని ఏజెంటు చెప్తున్నాడు. దొరికే చోట్లు లేకపోలేదు, కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే మూడూ సగం సగంగా మిగులుతాయి.

ఉర్దూ సంగతి ముందు తేల్చేద్దాం. మన దగ్గర చాలా మదరసాల్లో అరబీ పుస్తకాన్ని ఉర్దూలో వివరిస్తారు కాబట్టి ఆ తరగతిలో కూర్చోవాలంటే ఉర్దూ తప్పదు. మీకు చెప్పిన మాట ఆ మదరసా వరకూ సరైనదే. కైరోలో, మదీనాలో బోధన అరబీలోనే. అక్కడ మీ పక్కన కూర్చునే ఇండోనేషియా, నైజీరియా కుర్రాళ్లకి ఉర్దూ అంటే ఏమిటో కూడా తెలియదు. అంటే వెళ్లడానికి ఉర్దూ అక్కర్లేదు. ఇబ్బంది తిరిగొచ్చాక మొదలవుతుంది. మసీదు కమిటీలు, ఆలిమ్‌ల సమావేశాలు, ఫత్వాలు మన జిల్లాల్లో కూడా ఎక్కువగా ఉర్దూలోనే నడుస్తాయి. తెలుగులో చెప్పగల ఆలిమ్‌కి గిరాకీ ఉంది, కానీ ఆ గిరాకీ ఉన్నచోట నిర్ణయం తీసుకునేవాళ్లు ఉర్దూవాళ్లు. చదువుకునే ఏళ్లలో వారానికి రెండు గంటలు ఉర్దూకి కేటాయిస్తే చాలు. అరబీ లిపి, అరబీ మాటలు వచ్చాక ఉర్దూ చదవడం సగం పని.

ఉర్దూ రాకపోవడం వల్ల మీకొక లాభం కూడా ఉంది. హైదరాబాదీ దక్కనీ మాట్లాడే కుర్రాడు ‘ఖాఫ్’ని, అంటే నాలుక మొదట్లోంచి పలికే ‘క’ని, గొంతులోంచి ‘ఖ’గా మార్చి పలుకుతాడు. ఉర్దూ అలవాటున్న వాడెవడైనా ‘దాద్’ అక్షరాన్ని ‘జ్వాద్’ అంటాడు. ఆ అలవాట్లు విడిపించడానికి తజ్‌వీద్ (ఖురాన్ ఉచ్చారణ) ఉస్తాదుకి నెలలు పడుతుంది. మీకా బరువు లేదు. మీకున్న బరువు వేరు: తెలుగు లిపిలో నోట్సు. అది ఈ రోజే ఆపండి. ‘కల్బ్’ అని తెలుగులో రాస్తే అది గుండె కావొచ్చు, కుక్క కావొచ్చు. మన ‘స’ ఒక్కటే, వాళ్లకి మూడున్నాయి. మన ‘హ’ ఒక్కటే, వాళ్లకి రెండు. రెండేళ్ల నోట్సుని అరబీ లిపిలోకి తిరిగి రాయండి. నెల పడుతుంది, ఆ నెలలోనే మీకు ఏం వచ్చో ఏం రాదో బయటపడుతుంది.

ఇంకొక మాట. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం అని రాశారు. మార్కుల కోసమే తీసుకున్నా సరే, ద్వివచనం ఉంటుందని, విభక్తిని బట్టి మాట చివర మారుతుందని మీ చెవికి ఎక్కింది. అరబీలో కూడా ద్వివచనం ఉంది. విభక్తులు మూడే: రఫ్అ, నస్బ్, జర్ర్. భూతకాల క్రియకు 14 రూపాలు. ‘రామః రామౌ రామాః’ వల్లె వేసినవాడికి ఇది కొత్త శిక్షేమీ కాదు.

ఇప్పుడు ఏజెంటు మాటలు. అతను చెప్పిన వాటిలో రెండు నాకు అసలు నచ్చలేదు.

ఒకటి, “నేరుగా రెండో ఏడాది.” అల్ అజ్‌హర్‌కి విశ్వవిద్యాలయంతో పాటు సొంత పాఠశాల వ్యవస్థ ఉంది. అజ్‌హరీ హైస్కూలు సర్టిఫికెట్ ఉన్నవాళ్ల కోసమే మతశాస్త్ర కళాశాలలు, అంటే కుల్లియ్యాలు, తయారయ్యాయి. విదేశీ విద్యార్థి తెచ్చిన సర్టిఫికెట్ దానికి సమానమా కాదా అని చూసే ప్రక్రియను ముఆదలా అంటారు. మదరసా పట్టా ఉండి, ఆ మదరసాకి ముందే గుర్తింపు ఉంటే ఒక దారి. మీలా మామూలు ఇంటర్, బీకాం ఉన్నవాళ్ల సంగతి వేరు. అరబీ వ్యాకరణం, ఫిఖహ్ ఎప్పుడూ పరీక్షగా రాయలేదు కాబట్టి విదేశీ విద్యార్థుల కోసం ఉన్న మాహదుల్ బుఊస్‌లో, హైస్కూలు స్థాయిలో కూర్చోబెట్టే అవకాశం గట్టిగా ఉంది. అక్కడ సానవీ, అంటే హైస్కూలు దశే మూడేళ్లు. బీకాం చూసి తఫ్సీర్ రెండో ఏడాదిలో ఎవరూ చేర్చరు. మన దగ్గర బీకాం చదివినవాణ్ణి ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో చేర్చుతారా?

దానికంటే ముందు భాష గడప ఉంది. అరబ్బులు కాని విద్యార్థులకు స్థాయి పరీక్ష పెడతారు. ముబ్‌తది, ముతవస్సిత్, ముతఖద్దిమ్ అని అంచెలుంటాయి. ఏ అంచెలో పడితే అక్కడి నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాలి. సున్నా నుంచి మొదలుపెట్టిన వాడికి ఏడాదికి పైగా ఇక్కడే గడిచిపోతుంది. ఆ తర్వాత కుల్లియ్యా నాలుగేళ్లు. ఇప్పుడు లెక్క వేయండి. భాషలో పై అంచెలో పడి, నేరుగా కుల్లియ్యాకి అనుమతి వస్తే నాలుగున్నర, అయిదేళ్లు. కింది అంచెలో పడి, సానవీలో వేస్తే ఎనిమిది, తొమ్మిదేళ్లు. నాన్నగారు అడిగిన “అయిదేళ్లు” అనే మాట మొదటి లెక్క. ఏజెంటు చూపించని కాగితం రెండోది. ఈ రెండింటి మధ్య తేడా డబ్బుతో తగ్గదు, మీరు విమానం ఎక్కేలోపు ఎంత అరబీ నేర్చుకున్నారన్న దాంతోనే తగ్గుతుంది. మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే.

రెండోది, విజిట్ వీసా. వెళ్లాక చదువు ఇఖామాగా, అంటే నివాస అనుమతిగా మార్చుకునే వాళ్లు ఉన్నారు, కానీ అది అడ్మిషన్ కాగితం, భద్రతా అనుమతి వచ్చే వరకూ గాల్లో దీపమే. గడువు దాటితే జరిమానా పడుతుంది, పోలీసులు ఆపినప్పుడు చూపించడానికేమీ ఉండదు. ఆ ఇబ్బంది పడేది మీరు, ఏజెంటు కాదు. అడ్మిషన్ పత్రం మీ పేరుతో, పాస్‌పోర్టు నంబరుతో చేతికి రాకముందు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. హాస్టల్ మాట కూడా అంతే. విదేశీ విద్యార్థులకు కైరోలో మదీనతుల్ బుఊస్ అనే పెద్ద వసతి సముదాయం ఉంది, కానీ అది స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకు. సొంత ఖర్చు మీద చేరినవాళ్లు నస్ర్ సిటీలాంటి పేటల్లో నలుగురైదుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటారు. అద్దెతో పాటు తఅమీన్ అని ఒక నెల అద్దె డిపాజిట్, సిమ్‌సార్‌కి, అంటే బ్రోకరుకి కమీషన్. మొదటి నెలే రెండు మూడు నెలల అద్దె చేతిలోంచి పోతుంది. ఏజెంటు అంకెల్లో ఇది ఉందేమో అడిగి చూడండి.

ఇక ఆ వడ్డీ. 2,40,000కి నూటికి మూడు అంటే నెలకు 7,200. మీ జీతంలో సగం. ఏడాదికి 86,400 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. మీరు చదవబోయే ఫిఖహ్‌లో రిబా, అంటే వడ్డీ అధ్యాయం ఎక్కడుందో మీకు తెలుసు. వడ్డీ డబ్బుతో ఆ అధ్యాయం దగ్గరికి వెళ్లడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

మదీనా ఇస్లామీ విశ్వవిద్యాలయం దారి వేరేగా ఉంటుంది. 1961లో విదేశీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకునే మొదలైన సంస్థ. మామూలు హైస్కూలు సర్టిఫికెట్ చాలు, మదరసా పట్టా తప్పనిసరి కాదు. ఎంపికైతే ఫీజు లేదు, వసతి ఉంటుంది, నెలకు సుమారు 850 రియాళ్ల భత్యం, ఏడాదికోసారి సెలవులకు ఇంటికి టికెట్. అరబీ రానివాళ్లని ముందు భాషా మాహద్‌లో (భాష నేర్పే బడిలో) వేస్తారు, రెండేళ్ల వరకూ. తర్వాత కుల్లియ్యా నాలుగేళ్లు. అప్పు అక్కర్లేదు, అక్క పెళ్లికి అడ్డం రాదు. దరఖాస్తు ‘స్టడీ ఇన్ సౌదీ’ పోర్టల్‌లో సొంతంగా నింపొచ్చు, ఏజెంటు పనే లేదు.

అయితే రెండు షరతులు మీ మెడ మీద ఉన్నాయి. బ్యాచిలర్ కోర్సుకి వయసు 25 దాటకూడదు, హైస్కూలు సర్టిఫికెట్ వచ్చి అయిదేళ్లు మించకూడదు. వయసు పరంగా మీకు మూడేళ్లున్నాయి. కానీ మీ ఇంటర్‌కి నాలుగేళ్లు నిండాయి. అంటే మీకు మిగిలింది దాదాపు ఒక్క ఏడాదే. బీకాం ఉంది కదా అని ఊరుకోవద్దు, వాళ్లు చూసేది ఇంటర్ సర్టిఫికెట్ తేదీ. ఇంకో సంగతి, అక్కడి నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఎన్నటికీ రాదు. అందుకని దరఖాస్తు పెట్టి, దాన్ని మర్చిపోయి మిగతా పని చేసుకోవాలి. దాని కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం తప్పు.

ఎక్కడ చదివితే ఆ ముద్ర పడుతుంది, ఇది కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. అజ్‌హర్‌లో అఖీదా (విశ్వాస సిద్ధాంతం) అష్అరీ మార్గంలో, ఫిఖహ్ నాలుగు మజ్‌హబ్‌లలో (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో) చెప్తారు. షరీఅత్ విభాగంలో ఆ నాలుగింటిలో హనఫీ ఎంచుకుని చదవొచ్చు. మదీనాలో సలఫీ ధోరణి, హదీసు మీద పట్టు. మీ ఊరి మసీదు ఏ వర్గం చేతిలో ఉందో మీకు తెలుసు. ఆరేళ్ల తర్వాత వచ్చి జుమా రోజు మింబర్ (ప్రసంగ పీఠం) ఎక్కాలనుకుంటే, ఎక్కడ చదివారన్నది ఏం చదివారన్న దానికంటే ముందు అడుగుతారు. ఏది మంచిదని నేను చెప్పను. కానీ “రెండూ ఒకటేగా” అనుకుని వెళ్లి, తిరిగొచ్చాక తెల్లబోయిన వాళ్లుంటారు.

యెమెన్ గురించి ఒక్క వాక్యం. అక్కడి తరీమ్ పట్టణం ఈ చదువుకి ఎంత పేరున్నదైనా, 2017 నుంచి భారత ప్రభుత్వం ఆ దేశానికి ప్రయాణం నిషేధించింది, దొంగచాటుగా వేరే దేశం మీదుగా వెళ్తే పాస్‌పోర్టు రద్దవుతుంది. మతం చదువుకోవడానికి విదేశం వెళ్తున్నానంటే ఇంట్లోవాళ్లకి పోలీసు ఎంక్వయిరీ భయం ఉందని రాశారు. ఆ భయానికి మందు నిషేధం లేని దేశం, విశ్వవిద్యాలయం పేరుతో అడ్మిషన్ పత్రం, గడువులో ఉన్న ఇఖామా. అవి ఉంటే దాచడానికేమీ లేదు, అడిగినవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు.

మూడో దారి మీ ఉత్తరంలో లేదు, నేను చేరుస్తున్నాను. హైదరాబాద్. ఇఫ్లూలో (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబీ విభాగాలున్నాయి. ఇఫ్లూలో బీఏ స్థాయి నుంచి అరబీ ఉంది. ఇక్కడ నేర్చుకున్న అరబీకి హైదరాబాద్‌లో పని కూడా ఉంది. ఒమన్, యెమెన్, సూడాన్ నుంచి వైద్యానికి వచ్చే రోగుల పక్కన పెద్దాసుపత్రుల్లో దుబాసీలు ఉంటారు, ఐటీ కంపెనీలు అరబీ తెలిసిన వాళ్లని తీసుకుంటాయి. లోపం ఒక్కటే: భాష వస్తుంది గానీ తఫ్సీర్, ఉసూల్ (ధర్మశాస్త్ర మూలసూత్రాలు) లోతుగా రావు. వాటి కోసం ఆ తర్వాతైనా బయటికి వెళ్లాలి. అప్పటికి మదీనా సర్టిఫికెట్ గడువు దాటిపోతుంది. అంటే ఈ దారి ఎంచుకుంటే మదీనా తలుపు దాదాపు మూసుకుంటుంది, కైరో తలుపు ఇంకా బాగా తెరుచుకుంటుంది, ఎందుకంటే స్థాయి పరీక్షలో పై అంచెలో పడతారు. కేరళ అరబిక్ కాలేజీలు మంచివే, కానీ ఉర్దూ బదులు మలయాళం నేర్చుకోవాల్సి వస్తుంది. మలేషియా అంతర్జాతీయ ఇస్లామీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు కూడా నడుస్తుంది, ఖర్చు మీ అందుబాటులో లేదు.

మీ స్థితిలో నాకు కాస్త మేలుగా కనిపించేది మొదటి రెంటినీ కలపడం. ఉద్యోగం వదలకుండా ఈ విడతలోనే మదీనాకి పెట్టండి. నెలకు 8,000 పక్కన పెట్టగలిగితే ఏడాదికి 96,000 అవుతుంది. మదీనా రాకపోతే ఆ డబ్బుతో, అప్పు లేకుండా, కైరోలో ఒక భాషా మర్కజ్‌లో, అంటే శిక్షణ కేంద్రంలో, మూడు నాలుగు నెలలు చదివి, అక్కడి నుంచే అజ్‌హర్ పనులు సొంతంగా చూసుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఆ ఊరు, ఆ చదువు మీకు సరిపడతాయో లేదో తెలుస్తుంది. సరిపడకపోతే వెనక్కి రావచ్చు, తల మీద బాకీ ఉండదు. కానీ ఇందులోనూ నష్టం ఉంది: ఒక ఏడాది ఆలస్యం, మర్కజ్ సర్టిఫికెట్‌కి ఇండియాలో విలువ సున్నా.

ఆ ఏడాది ఊరికే పోకూడదంటే, వాణియంబాడికి చెందిన పండితుడు వి. అబ్దుర్రహీం మదీనా విశ్వవిద్యాలయం కోసం రాసిన అరబీ పాఠాలు పట్టుకోండి. మూడు భాగాలు, 23, 31, 34 పాఠాలు, మొత్తం 88. వారానికి రెండు చొప్పున 44 వారాలు. రోజుకి గంటన్నర చాలు, కానీ ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేస్తే రాదు. ప్రతి పాఠం నాలుగు పనులుగా చేయండి: గట్టిగా చదవడం, అభ్యాసం రాయడం, వేరొకరు చదువుతుంటే విని రాయడం, ఫత్‌హా, కస్రా లాంటి స్వరాల గుర్తులు లేకుండా అదే పాఠం మళ్లీ చదవడం. నాలుగో పని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఖురాన్‌కి గుర్తులుంటాయి కాబట్టి మనకి చదవడం వచ్చనుకుంటాం. కైరోలో పాఠ్యపుస్తకం మీద గుర్తులుండవు, ఏ మాటకి ఏ గుర్తో వ్యాకరణం తెలిసినవాడికే కనిపిస్తుంది. రెండో భాగం అయ్యాక అజుర్రూమియ్యా అనే వ్యాకరణ పుస్తకం మొదలుపెట్టి బట్టీ పట్టండి. కొద్ది పేజీల చిన్న మతన్, అంటే మూలపాఠం, అక్కడ ప్రతి ఉస్తాదూ మీకది వచ్చనే అనుకుని మాట్లాడతాడు.

వెళ్లినవాళ్లు మొదటి నెలలో ఎక్కువగా తడబడేది పుస్తకం దగ్గర కాదు, నల్లబల్ల దగ్గర. మనం చదివేది అచ్చులోని నస్ఖ్ అక్షరం. ఈజిప్టు ఉస్తాదు రుఖ్ఆ అనే వాడుక చేతిరాతలో రాస్తాడు. అందులో ‘సీన్’ పళ్లు పోయి గీత అవుతుంది, రెండు చుక్కలు చిన్న అడ్డగీత అవుతాయి. చివరి ‘యా’ కింద చుక్కలు ఈజిప్టులో అచ్చులో కూడా వేయరు. అంకెలు వేరు: వాళ్ల అయిదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఒక చుక్క. బస్సు నంబరు తప్పు చదివితే ఊరి అవతల తేలతారు. నెలరోజులు రుఖ్ఆ రాత సాధన చేసి వెళ్లండి.

వీధి భాష మరొకటి. మీరు నేర్చుకునేది ఫుస్‌హా, అంటే గ్రాంథిక అరబీ. కొట్టువాడు మాట్లాడేది ఆమ్మియ్యా, అంటే వాడుక అరబీ. ‘జీమ్’ని ‘గ’ అంటాడు, ‘ఖాఫ్’ని మింగేస్తాడు. కంగారు పడొద్దు. పని చెప్తే అతను “హాదిర్” అంటాడు, అలాగే, సిద్ధం అని. అది మన ‘హాజరు’. మధ్యలో ఉన్నది ఆ ‘దాద్’ అక్షరమే, ఫారసీ మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి ‘జ’ అయింది. ‘జప్తు’, ‘జిల్లా’ కూడా అంతే. కోర్టు కచేరీల తెలుగులో మీకు తెలియకుండానే అరబీ మాటలు బోలెడున్నాయి: హక్కు, వకీలు, తారీఖు, రద్దు, వసూలు. ఆమ్మియ్యా నేర్చుకోవడం తప్పు కాదు, కానీ మొదటి ఏడాది తరగతిలో, గదిలో ఫుస్‌హాయే పట్టుకోండి. ఆమ్మియ్యా ముందు పట్టుబడినవాడు పరీక్షలో దాన్నే రాస్తాడు. పరీక్షలు పేజీల కొద్దీ చేతిరాత జవాబులు, పైగా ఖురాన్ హిఫ్జ్, అంటే కంఠస్థం చేసింది, మౌఖికంగా అప్పజెప్పాలి. ఇప్పటి నుంచే ఖురాన్ చివరి రెండు జుజ్‌లు (భాగాలు) గట్టిగా పట్టండి. అక్కడికి వెళ్తే కుల్లియ్యాతో సరిపెట్టుకోవద్దు. అజ్‌హర్ మసీదులో జరిగే రివాక్ పాఠాల్లో ఉస్తాదు ముందు కూర్చుని పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదవొచ్చు. చాలామందికి నిజమైన చదువు అక్కడే అబ్బుతుంది.

కాగితాల విషయంలో మన జిల్లాల వాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. టెన్త్ మెమోలో ‘ఎస్‌కె.’ అని ఉంటుంది, ఇంటర్లో ‘షేక్’, డిగ్రీలో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంటిపేరే ఉండదు. మన ఆఫీసుల్లో అఫిడవిట్‌తో నడిచిపోతుంది, అక్కడి గుమాస్తాకి అది ఇద్దరు వేర్వేరు మనుషులు. ముందు అన్నిట్లోనూ పేరు, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే చేయించండి. తర్వాతే ధ్రువీకరణ. తిరగబడితే ధ్రువీకరణ రుసుములన్నీ రెండోసారి కట్టాలి. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో, అంటే ఎంబసీ ముద్ర లేకుండా ఒకరి కాగితాలు ఒకరు ఒప్పుకునే దేశాల జాబితాలో ఉంది, కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ చాలు. ఈజిప్టు ఆ ఒప్పందంలో లేదు. దానికి రాష్ట్ర ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఢిల్లీలోని ఈజిప్టు ఎంబసీ ముద్ర కావాలి. తేలిగ్గా అవుతుందని ఏజెంట్లు ఈజిప్టుకి కూడా అపోస్టిల్ వేయించి పంపుతుంటారు, కైరోలో అది చెల్లదు. విదేశాంగ శాఖ పని హైదరాబాద్‌లోనే అవుతుంది. అరబీ అనువాదంలో మీ పేరు స్పెల్లింగు ప్రతి కాగితంలో ఒకటే ఉండేలా చూసుకోండి. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా తీసుకోండి. మదీనాకి మిమ్మల్ని ఎరిగిన ఆలిమ్‌లు లేదా సంస్థల నుంచి సిఫారసు లేఖలు, తజ్‌కియా అంటారు, కావాలి. ఉర్దూ నేర్చుకుని రమ్మన్న ఆ మదరసా వారినే అడగండి. కాదనరు.

నాన్నగారి ప్రశ్నకి తేనె పూసిన జవాబు చెప్పకండి. ఇమామ్ జీతాలు మన పల్లెల్లో ఎంతో ఆయనకి తెలుసు. పట్టాకి ఇక్కడ విలువ రావాలంటే సమానత ధ్రువపత్రం తీసుకోవాలి. ఇంతకు ముందు ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇచ్చేది, 2025 ఏప్రిల్‌లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. అందుకు అడ్మిషన్ పత్రం, ఏటేటా మార్కుల జాబితా, వీసా ముద్రలున్న పాత పాస్‌పోర్టు అన్నీ దాచుకోవాలి. ఆ పత్రం ఉంటే ఇక్కడ ఎంఏ, ఆపైన బోధన వైపు దారి ఉంటుంది. లేకపోతే దుబాసీ పని, అనువాదం, గల్ఫ్. మీ చేతిలో బీకాం, రెండేళ్ల ఆడిట్ అనుభవం ఉంటే ఎప్పుడు తిరిగొచ్చినా అన్నం పెడతాయి. అందుకే ఆ ఉద్యోగం ఇంకో ఏడాది చేయమంటున్నాను. అరబీ తెలిసిన అకౌంటెంటుకి గల్ఫ్‌లో ఉండే విలువ కూడా ఆయనకి చెప్పండి, కొట్టు నడిపే మనిషికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. అక్క పెళ్లి తేదీ కుదిరితే దాన్ని ముందు కానివ్వండి. మదీనా పిలుపు వస్తే అది ఖర్చు లేని పని కాబట్టి దేనికీ అడ్డం రాదు.

అమ్మగారి బొంత సంగతి. కైరోలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు పది డిగ్రీల దాకా దిగుతుంది. అంకె చూస్తే పెద్ద చలిలా అనిపించదు, కానీ అద్దె ఇళ్లలో హీటర్లుండవు, నేలంతా టైల్సు, గోడలు చల్లగా ఉంటాయి. పల్నాటి ఎండలో పెరిగిన వాళ్లకి బొంత కచ్చితంగా పనికొస్తుంది. మరీ దూది దట్టించొద్దని చెప్పండి. విమానంలో సామాను బరువుకి హద్దుంటుంది, అందులో సగం మీ పుస్తకాలే తింటాయి.